రోమన్ వెండి నాణెం మీదున్న దేవత ఎవరో గుర్తుపట్టడం ఎలా? వరుసగా పద్ధతి

నాణెం ఫోటో పంపి "దీని మీద ఉన్న దేవత ఎవరండీ?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను ఏ నాణెం చేతికొచ్చినా పాటించే వరుసను ఇక్కడ మొత్తంగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా దినారియస్ అనే చిన్న వెండి నాణేనికి. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలై, క్రీ.శ. 3వ శతాబ్దం మధ్య దాకా రోమన్లు కొట్టిన నాణెం అది.

ముందే ఒక మాట. ముఖం చూసి దేవత పేరు చెప్పాలని చూడకండి. గుడి గోడ మీద శిల్పాన్ని మనం ఎలా గుర్తుపడతాం? శంఖచక్రాలుంటే విష్ణువు, పక్కన నెమలి ఉంటే కుమారస్వామి. చేతిలో ఉన్నది, పక్కన ఉన్నది చూస్తాం. రోమన్ నాణేనికీ అదే పద్ధతి. గోరంత బొమ్మలో ముఖం ఒక చుక్క మాత్రమే. చేతిలో ఉన్న వస్తువే అసలు ఆధారం.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం (నగల పనివాళ్లు వాడేది)
☐ 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా
☐ వెర్నియర్ కాలిపర్స్, లేదంటే మిల్లీమీటర్ల స్కేలు
☐ మెడ వంచడానికి వీలున్న టేబుల్ ల్యాంప్
☐ మడతపెట్టిన టవల్
☐ పెన్సిల్, నోటుబుక్

టవల్ ఎందుకని అడుగుతారు. చాలాకాలం మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసుబారుతుంది. గట్టి బల్ల మీద పడితే రెండు ముక్కలైపోవచ్చు. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకుని, టవల్‌కు పైనే ఎత్తి చూడండి. బొమ్మ మీద వేలు పెట్టకండి.

ఫోటో చూసే గుర్తించాల్సి వస్తే రెండు వైపుల ఫోటోలూ, బరువూ, వ్యాసమూ తప్పకుండా అడిగి తీసుకోండి. ఒక్క వైపు ఫోటోతో చెప్పే పేరు చాలాసార్లు ఊహే అవుతుంది.

2. చింతపండు జోలికి పోవద్దు

మన ఇళ్లలో వెండి నల్లబడితే చేతులు ముందు చింతపండు వైపే వెళ్తాయి. లేదా విభూతి, టూత్‌పేస్ట్. పూజ సామాన్లకు అది సరిపోతుందేమో కానీ పాత నాణేనికి అస్సలు పనికిరాదు. నేను మొదట్లో ఒక నాణేన్ని ఇలాగే రుద్దాను. అరగంటలో తళతళలాడింది. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు చెదిరిపోయి, వెండి నిండా సన్న గీతలు. ఆ గీతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ బాధ మీకు వద్దనే ఇంతగా చెబుతున్నాను.

నలుపు నాణేనికి చేటు కాదు. నిజానికి బొమ్మను చదవడానికి అదే సాయం చేస్తుంది, ఎందుకంటే లోతుల్లో నలుపు, ఎత్తుల్లో తెలుపు ఉన్నప్పుడే గీతలు కనబడతాయి.

మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. తర్వాత బట్ట మీద పెట్టి ఆరనివ్వండి. తుడవకండి. అప్పటికీ వదలకపోతే అలాగే ఉంచేయండి.

గీటురాయి మీద గీయించడం, బంగారం షాపులో యాసిడ్ చుక్క వేయించడం కూడా వద్దు. దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వాడితే కొన్నాళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు చేరుతుంది. ఆమ్లం లేని కాగితం కవరు మంచిది.

3. ముందు తూకం, తర్వాతే దేవత

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా బొమ్మలోకి వెళ్తారు. తర్వాత తికమక పడతారు.

గణతంత్రం (చక్రవర్తులు రాకముందు కాలం) చివరి రోజుల నుంచి తొలి చక్రవర్తులు అగస్టస్, తిబేరియస్‌ల దాకా దినారియస్ బరువు సుమారు 3.7 నుంచి 3.9 గ్రాములు. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో తగ్గించాక 3.4 గ్రాముల దగ్గరికి వచ్చింది. అరిగిన నాణెం ఇంకాస్త తక్కువ తూగుతుంది. వ్యాసం సాధారణంగా 17 నుంచి 20 మిల్లీమీటర్లు.

కారకల్లా చక్రవర్తి క్రీ.శ. 215లో కొంచెం పెద్ద నాణెం తెచ్చాడు. దాన్ని ఇప్పుడు ఆంటోనినియానస్ అంటున్నారు. దాని మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల్లాంటి కిరీటం ఉంటుంది, రాణి బొమ్మ కింద నెలవంక ఉంటుంది. ఆ కిరణాలు ఇక్కడ నాణెం విలువకు గుర్తు. వాటిని చూసి సూర్యదేవుడని రాసేస్తే మొత్తం దారి తప్పుతుంది.

తూకంలో, అంచుల్లో చూడాల్సినవి:

☐ అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉందా? ఉంటే అచ్చులో పోసిన నకిలీ కావచ్చు.
☐ ఉపరితలం మీద సూది మొనంత బుడగలు, సబ్బు లాంటి నునుపు ఉన్నాయా?
☐ వెండి పొర లేచి లోపల ఎర్రగా రాగి కనబడుతోందా? అయితే రాగి మీద వెండి పొర వేసిన నాణెం. ఇలాంటివి రోమన్ల కాలంలోనే చేశారు.
☐ ఒకే చోట అమ్ముతున్న రెండు నాణేలకు అరుగుదల, గీతలు అచ్చు ఒకేలా ఉన్నాయా? ఉంటే వదిలేయండి.

మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటికి చక్రవర్తి తల మీద ఉలితో పెట్టిన కోత కనబడుతుంది. కొన్నింటికి మెడలో వేసుకోవడానికి రంధ్రం ఉంటుంది. అవి నాణెం చరిత్రలో భాగం, పూడ్చే ప్రయత్నం చేయకండి. అక్షరాలు పొంతన లేకుండా, గీతల్లా ఉంటే ఇక్కడే చేసిన అనుకరణ అయ్యే వీలుంది.

4. వెలుతురు పక్క నుంచి

ల్యాంపును నాణేనికి నెత్తిన కాకుండా పక్కన, బల్లకు బాగా దగ్గరగా వంచండి. వెలుతురు ఏటవాలుగా పడితే అరిగిన గీతకూ నీడ వస్తుంది. నాణేన్ని గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో కనబడని కర్ర మరో కోణంలో బయటపడుతుంది. తొందర పడొద్దు, ఈ పనికి పది నిమిషాలైనా ఇవ్వండి.

బొమ్మ వైపు నుంచి బొరుసుకు తిప్పేటప్పుడు పుస్తకంలో పేజీలా కాకుండా పై నుంచి కిందికి తిప్పి చూడండి. రోమన్ నాణేల్లో చాలావాటికి రెండో వైపు తలకిందులుగా ఉంటుంది. కాస్త అటూ ఇటూ తిప్పి, నిలబడ్డ మనిషి పాదాలు కిందికి వచ్చేలా సరిచేసుకోండి.

5. బొమ్మ వైపు: తల ఎవరిది?

గణతంత్ర కాలపు నాణేల మీద బొమ్మ వైపు ఉన్న తల చాలావరకు దేవతదే. శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల, వెనక పది అంకెను చూపే ఇంటూ లాంటి గుర్తు ఉంటే అది రోమా దేవత. దాని బొరుసు మీద రెండు గుర్రాల మీద దూకుతున్న ఇద్దరు యువకులు, వాళ్ల తలల పైన రెండు నక్షత్రాలు ఉంటే డయోస్క్యూరీ అనే కవల దేవతలు.

క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ బతికుండగానే తన తల వేయించుకున్నాడు. చక్రవర్తుల కాలం వచ్చాక ఈ వైపు పాలకుడు లేదా అతని కుటుంబసభ్యులే ఎక్కువ.

చుట్టూ ఉన్న అక్షరాలు చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. మాటల మధ్య ఖాళీ సరిగా ఉండదు. మనం 'యు' అని రాసే చోట 'వి' ఆకారం ఉంటుంది. మాటలన్నీ కుదించి ఉంటాయి.

పదే పదే కనబడే కుదింపులు ఇవి:

☐ 'ఐ ఎమ్ పి': ఇంపెరేటర్, అంటే సర్వసేనాని బిరుదు
☐ 'సి ఎ ఇ ఎస్': సీజర్, పాలకుల కుటుంబ పేరు, తర్వాత బిరుదు
☐ 'ఎ వి జి': అగస్టస్, చక్రవర్తి బిరుదు
☐ 'పి ఎమ్': పాంటిఫెక్స్ మాక్సిమస్, అంటే ప్రధాన పూజారి పదవి
☐ 'టి ఆర్ పి': ట్రిబ్యూన్ (ప్రజల తరఫు ప్రతినిధి) అధికారం, పక్కన అంకె ఉంటే ఏ సంవత్సరమో తేల్చవచ్చు
☐ 'సి ఒ ఎస్': కాన్సుల్, అంటే రోమ్‌లో అత్యున్నత పదవి, పక్కన అంకె ఎన్నోసారో చెబుతుంది
☐ 'డి ఐ వి వి ఎస్': చనిపోయాక దైవత్వం పొందినవాడు

'దివి ఎఫ్' అని ఉంటే జాగ్రత్త. అది "దైవత్వం పొందినవాడి కుమారుడు" అని. నాణెం మీదున్న మనిషి బతికే ఉన్నాడు, దేవుడైంది తండ్రి.

6. బొరుసు వైపు: చేతులు, తల, పాదాలు, ఆ తర్వాతే అక్షరాలు

అసలు పని ఇక్కడే. నోటుబుక్‌లో ఒక నిలువు గీత గీసి, ఎడమ చేయి, కుడి చేయి అని రెండు గడులు పెట్టండి. కనబడింది కనబడినట్టు రాయండి. తెలియకపోతే "పొడవాటి కర్ర", "గుండ్రటిది ఏదో" అని రాయండి. ఈ దశలో పేరు రాయొద్దు. పేరు ఒకసారి రాశామంటే కళ్లు ఆ పేరుకు సరిపోయేదే వెతుకుతాయి.

చేతిలో ఏముంటే ఎవరు:

• పిడుగు, రాజదండం. పాదాల దగ్గర గద్ద: జూపిటర్
• చిన్న పళ్లెం, రాజదండం. పాదాల దగ్గర నెమలి: జూనో
• ఈటె, డాలు, తల మీద శిరస్త్రాణం. కొన్నిసార్లు గుడ్లగూబ: మినర్వా
• విల్లు, బాణం, పక్కన కుక్క లేదా జింక: డయానా
• వీణ లాంటి తంత్రీ వాద్యం, లారెల్ కొమ్మ: అపోలో
• త్రిశూలం, డాల్ఫిన్: నెప్ట్యూన్
• గద, సింహం చర్మం: హెర్క్యులీస్
• చేతిలో ఆపిల్: వీనస్
• ధాన్యపు కంకులు, కాగడా: సెరిస్
• పక్కన సింహాలు, తల మీద కోటబురుజుల కిరీటం: సిబెలె
• పైకెత్తిన కుడి చేయి, తల నుంచి కిరణాలు: సోల్, సూర్యుడు

ఇక రెండో గుంపు. వీళ్లు పురాణకథలున్న దేవతల్లాంటివాళ్లు కాదు. ఒక గుణానికో భాగ్యానికో స్త్రీ రూపం ఇచ్చి పూజించారు. దినారియస్‌ల మీద ఎక్కువగా ఎదురయ్యేది వీళ్లే.

• చుక్కాని, పళ్లు నిండిన కొమ్ము: ఫార్చునా (అదృష్టం)
• పాముకు పళ్లెంలో తినిపిస్తూ: సలూస్ (ఆరోగ్యం, క్షేమం)
• త్రాసు, కొమ్ము: ఈక్విటాస్ లేదా మొనేటా
• కంకులు నిండిన కుంచం: అన్నోనా (ధాన్య సరఫరా)
• పువ్వు పట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తినట్టు బట్ట అంచు ఎత్తి నడుస్తూ: స్పెస్ (ఆశ)
• రెండు పాములు చుట్టుకున్న కర్ర, కొమ్ము: ఫెలిసిటాస్ (శుభం)
• రెక్కలు, దండ: విక్టోరియా (విజయం)
• బలిపీఠం పక్కన, ముసుగుతో: పియెటాస్ (భక్తి)

త్రాసు విషయంలో బొమ్మ మాత్రమే సరిపోదు. ఈక్విటాస్, మొనేటా ఇద్దరిదీ అదే వేషం. అక్కడ అక్షరాలే తీర్పు చెప్పాలి. మినర్వా, రోమాలకూ ఇదే చిక్కు, ఇద్దరూ శిరస్త్రాణంతో ఉంటారు. గుడ్లగూబ ఉంటే మినర్వా. కవచాల మీద కూర్చుని, అరచేతిలో చిన్న విక్టోరియాను పట్టుకుని ఉంటే రోమా వైపు మొగ్గవచ్చు.

ఒకే దేవత అయినా భంగిమ మారితే నాణెం రకం మారుతుంది. క్రీ.శ. 81 నుంచి 96 దాకా పాలించిన డొమిషియన్ మినర్వా భక్తుడు. అతని దినారియస్‌ల మీద ఆమె నాలుగు భంగిమల్లో పదే పదే వస్తుంది: ఈటె ఎత్తి ముందుకు కదులుతూ; ఓడ మొనలున్న స్తంభం మీద నిలబడి, పక్కన గుడ్లగూబతో; చేతిలో పిడుగు, ఈటెతో, వెనక డాలుతో; ఉత్త ఈటెతో ప్రశాంతంగా నిలబడి. "మినర్వా" అని రాసి ఆపేయకుండా ఎన్నో భంగిమో కూడా రాసుకోండి.

మనిషి రూపమే లేని దేవుడూ కనబడతాడు. క్రీ.శ. 218–222 మధ్య పాలించిన ఎలాగబాలస్, సిరియాలోని ఎమెసా దేవుణ్ణి రోమ్‌కు తెచ్చాడు. ఆ దేవుడి రూపం ఒక నున్నటి రాయి. కొన్ని నాణేల మీద నాలుగు గుర్రాల రథంలో ఆ రాయి, చుట్టూ గొడుగులు ఉంటాయి. రథోత్సవం చూసి పెరిగిన మనకు ఆ బొమ్మ చూడగానే ఊరేగింపు అని అర్థమవుతుంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు నాణేల మీద ప్రేమ మళ్లీ కొత్తగా పుడుతుంది.

7. దేవుడా, పూజారా, దేవుడైన రాజా?

తల మీద కొంగులా బట్ట కప్పుకుని, బలిపీఠం మీద పళ్లెం వంచుతున్న పురుషుడు కనబడితే దేవుడని తొందరపడకండి. రోమన్లు పూజ చేసేటప్పుడు తల కప్పుకునేవాళ్లు. అది చాలావరకు చక్రవర్తే, పూజారి పాత్రలో.

మనుషులెవరూ లేకుండా పూజ సామాన్లే ఉన్న నాణేలు కూడా ఉంటాయి. క్రీ.పూ. 49–48 నాటి సీజర్ నాణెం ప్రసిద్ధం. ఒక వైపు ఏనుగు, రెండో వైపు పూజారి సామగ్రి. వీటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే:

• సింపులం: పొడవు కాడ ఉన్న చిన్న గరిటె, మన ఉద్ధరిణిని గుర్తు చేస్తుంది
• లిటూస్: పై కొస చుట్టుకుపోయిన వంకర కర్ర, శకునాలు చూసే పూజారిది
• పటేరా: తర్పణం వదిలే లోతు లేని పళ్లెం
• నీళ్లు చిలకరించే కుంచె
• బలి ఇచ్చే గొడ్డలి
• ఏపెక్స్: కొసకు పుల్ల ఉన్న పూజారి టోపీ

చనిపోయాక దైవత్వం పొందినవాళ్ల నాణేల మీద 'కాన్సెక్రాషియో' అనే మాట, గద్ద, బలిపీఠం లేదా అంతస్తులుగా పేర్చిన చితి ఉంటాయి. బొమ్మ వైపు 'దివుస్' లేదా రాణి అయితే 'దివా' అని ఉంటుంది.

8. ఒక నాణెంతో మొత్తం వరుస

తిబేరియస్ (క్రీ.శ. 14–37) దినారియస్ తీసుకుందాం. మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఇదీ, అగస్టస్ మనవలది ఇంకొకటీ అన్నిటికన్నా ఎక్కువ. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడ్డ 1500కు పైగా రోమన్ వెండి నాణేల నిధి చాలామందికి తెలిసే ఉంటుంది. కాబట్టి తెలుగువాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఈ రెండే.

బొమ్మ వైపు: లారెల్ దండతో పురుషుడి తల. అక్షరాల అర్థం "తిబేరియస్ సీజర్ అగస్టస్, దివ్య అగస్టస్ కుమారుడు".

బొరుసు: కుర్చీలో కూర్చున్న స్త్రీ. ఒక చేతిలో పొడవాటి రాజదండం, మరో చేతిలో కొమ్మ. చుట్టూ 'పాంటిఫ్ మాక్సిమ్'.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆ మాటలు ఆ స్త్రీ పేరని అనుకుంటారు. కాదు. అది తిబేరియస్ పదవి, ప్రధాన పూజారి. స్త్రీ పేరు నాణెం మీద ఎక్కడా లేదు. కొమ్మను బట్టి పాక్స్ అనే శాంతి దేవత అంటారు, తిబేరియస్ తల్లి లివియాను ఆ రూపంలో చూపారని చాలామంది పండితుల మాట. మన నోట్సులో "కొమ్మ, రాజదండంతో కూర్చున్న స్త్రీ, పాక్స్ రూపంలో లివియా అని భావన" అని రాయాలి. కనబడింది ముందు, భావన తర్వాత.

రెండోది అగస్టస్ నాణెం. బొరుసు మీద టోగాలు (రోమన్ పురుషులు ఒంటికి చుట్టుకునే వస్త్రం) కట్టుకున్న ఇద్దరు యువకులు, మధ్యలో డాళ్లు, ఈటెలు. వాళ్లు కవల దేవతలు కారు, అగస్టస్ మనవలు గాయస్, లూషియస్. పైన సింపులం, లిటూస్ చిన్నగా ఉంటాయి, అవి ఇద్దరి పూజారి పదవులకు గుర్తు. అరిగిన నాణెంలో ఆ రెంటినీ అక్షరాలనుకుంటారు. ఏటవాలు వెలుతురులో మళ్లీ చూడండి.

9. తరచూ చూసే పొరపాట్లు

సరస్వతి, లక్ష్మి అని రాయడం. పోలిక అర్థం చేసుకోవడానికి సాయం చేస్తుంది, గుర్తింపుగా పనికిరాదు. సలూస్ చేతి దగ్గర పాముంది కదా అని నాగదేవత కాదు. రోమన్ పేరే రాయండి.

కుడి ఎడమలు తారుమారు. వర్ణనల్లో "ఎడమకు తిరిగి" అంటే చూసేవాళ్ల ఎడమ. చేతుల విషయంలో మాత్రం కుడి చేయి అంటే బొమ్మ కుడి చేయి. అందుకే ముందే గడులు గీసుకోమన్నాను.

కనబడని అక్షరాలు పూరించేయడం. మూడు అక్షరాలు కనబడితే మూడే రాయండి, మిగతా చోట చుక్కలు పెట్టండి.

ధర చూసి నమ్మడం. ఒక అమ్మకందారు చెప్పిన పేరు, ధర రెండూ నమ్మి నేను కొన్న ఒక "మినర్వా" తర్వాత పోత నాణెమని తేలింది. బుడగలు మొదటి రోజే ఉన్నాయి, నేను తూకం మెట్టు దాటేశాను.

10. పేరు ఖాయం చేసుకోవడం

మీ నోట్స్ పూర్తయ్యాక అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే 'ఓక్రే' (OCRE) అనే ఉచిత డేటాబేస్‌లో వెతకండి. చక్రవర్తి, లోహం, నాణెం రకం, దేవత పేరు ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పోతే జాబితా తగ్గుతూ వస్తుంది. గణతంత్ర నాణేలకు 'క్రో' (CRRO) అనే డేటాబేస్ ఉంది. అక్షరాలు, చేతులు, పాదాల దగ్గరి గుర్తులు మూడూ కలిస్తేనే సరిపోయిందనుకోండి. రెండు కలిసి ఒకటి కలవకపోతే కలవనిదాన్ని మళ్లీ భూతద్దంతో చూడండి.

నాణెం మట్టిలో దొరికితే మాత్రం ఈ పనంతా పక్కన పెట్టండి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. కుండ, మూత, పక్కన మట్టి ఏదీ కదపకండి. ఎన్ని నాణేలు ఏ పాత్రలో దొరికాయన్నది నాణెమంత విలువైన సమాచారం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను మనంతట మనం విదేశాలకు పంపకూడదు. విదేశాల్లో ఉన్న మన బంధువులకు కానుకగా పంపేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

11. నమోదు చీటీ నమూనా

ప్రతి నాణేనికీ ఒక చీటీ రాసి కవరులోనే పెట్టండి. అంకెలు ఉదాహరణకు మాత్రమే.

లోహం, బరువు, వ్యాసం: వెండి, 3.68 గ్రా., 18 మి.మీ.
బొమ్మ వైపు: లారెల్ దండతో తల, కుడికి
చదవగలిగిన అక్షరాలు: ...సీజర్ దివి...
బొరుసు: స్త్రీ, కుర్చీలో, కుడికి తిరిగి
కుడి చేయి: పొడవాటి రాజదండం
ఎడమ చేయి: కొమ్మ
తల: కిరీటం ఉందో లేదో తేలలేదు
పాదాల దగ్గర: ఏమీ లేదు
చదవగలిగిన అక్షరాలు: పాంటిఫ్ మా...
రెండు వైపుల దిశ: తలకిందులు
గుర్తింపు: తిబేరియస్ దినారియస్, పాక్స్ రూపంలో లివియా అని భావన
ఆధారం: అక్షరాలు, కొమ్మ
దెబ్బలు: చెంప మీద ఉలి కోత ఒకటి
చూసిన తేదీ: